ముందు తుమ్మే వరస

నిన్న పొద్దున్న మా మెట్టచేను గట్టువార తెల్లచోడి వరసకి మచ్చ పడింది. ఆకు మధ్యలో బూడిదరంగు, చుట్టూ గోధుమరంగు అంచు, రెండు కొసలూ సన్నగా సాగి, నూలు చుట్టిన కదురులాగ ఉంది. నేను వంగి బొటనవేలు నాలుక మీద తడి చేసుకుని ఆ మచ్చ మీద రుద్దాను. బురదైతే పోతుంది. పోలేదు. "పట్టీసినాది మావా" అని వెనక్కి తిరిగాను. వెనకాల ఎవరున్నారు? గట్టు మీద నా చెప్పులూ, అంబలి గిన్నే ఉన్నాయి.

బొటనవేలితో అలా రుద్దడం నాది కాదు, ఫారంలో పనిచేసిన మావది. ఆయన పోయిన వేసవిలో పోయాడు. నాకు రాయడం రాదు. అంకెలు పది వచ్చు, అవీ ఆయన నేర్పినవే. అందుకని నేను చెబుతున్నాను, మా మేనకోడలు రాస్తోంది. అందంగా రాయకే, నేనన్నట్టు రాయి అన్నాను.

ఆయన పేరు పెట్టి నేనెప్పుడూ పిలవలేదు. ఫారంలో కూలికి వెళ్లే ఆడవాళ్లమందరం మావా అనేవాళ్లం. ఆయన మమ్మల్నందర్నీ కోడలా అనేవాడు. ఊళ్లో మాత్రం తెగుళ్ల మేస్త్రి అనేవారు. అది మెచ్చుకుని పెట్టిన పేరు కాదు.

మా ఊరి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో చోడిపంట మీద, అంటే రాగి మీద, పరీక్షలు చేసే ఫారం ఒకటుంది. అందులో చివరన ఒక మడి ఉండేది. అన్ని మళ్లలో పంట పెంచితే, ఆ మడిలో తెగులు పెంచేవారు. అగ్గి తెగులు. ఎక్కడెక్కడి నుంచో చోడి రకాలు తెప్పించి, వరసకో రకం నాటి, వాటికి కావాలని ఆ తెగులు అంటించేవారు. ఏది మాడిపోతుందో, ఏది నిలబడుతుందో చూడ్డానికి. యూరియా కాస్త ఎక్కువ చల్లి ఆకు లేతగా ఉంచేవారు, సాయంత్రం పూట నీళ్లు చిలకరించి ఆకు తడి ఆరకుండా చూసేవారు. ఆ మడి పని మొత్తం ఆయనదే. పసిబిడ్డకి స్నానం చేయించినట్టు తెగులుకి నీళ్లు పోసేవాడు.

మా ఆయన చనిపోయిన ఏడాదే నేను ఫారంలో కూలికి చేరాను. మొదటి రోజు కలుపుకి దించారు. నా వంతుకి ఆ మడి వచ్చింది. మావ, ఫారం సారు పిలిచాడని, ఆఫీసు గదికి వెళ్లాడు. నేను కలుపు తీస్తూ చూద్దును కదా, మడి చుట్టూ ఒక వరస, మధ్య మధ్యలో మరికొన్ని వరసలు, నిలువునా మాడిపోయి ఉన్నాయి. నేను రైతు కోడల్ని. జబ్బు మొక్క కనబడితే చెయ్యి ఊరుకోదు. చేనంతా అంటుకుంటుందని భయం వేసి, మధ్యలో ఉన్న వరసలు రెండు మొదలంటా పీకేసి గట్టు మీద కుప్ప పోశాను. పక్క మడిలో ఉన్న మా వీధి పైడమ్మ చూస్తూనే ఉంది, నోరు విప్పలేదు. పైగా నవ్వుకుంటోంది. మంచి పని చేశానని నవ్వుతోంది కాబోలనుకున్నాను.

ఆయన వచ్చి కుప్ప చూసి, నెత్తి మీద రెండు చేతులూ పెట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు.

"ఎవులే పీకినారు?"

"నేనే మావా."

"ఎందుకు పీకీసినావు?"

"జబ్బు మొక్కలు కదా. ఉంచితే పక్కవోటికి అంటుకోదేటి?"

 ఆయన నవ్వడం మొదలుపెట్టాడు, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "అంటుకోవాలనే పెంచుతన్నానే పిచ్చిదానా! నెల్రోజులై కడుపులో పెట్టుకుని సాకుతన్నాను ఈటిని."

పైడమ్మ అక్కడి నుంచే అంది, "మరేటి మావా, కొత్తకోడలు వచ్చీరాగానే ఇల్లు సర్దీసినాది."

 మొదటి రోజే కూలి పోయిందనుకున్నాను. ఆయన లేచి, నా చేతిలో కొడవలి తీసుకుని, పీకిన మొక్కలు ముక్కముక్కలుగా నరికి, ఆ ముక్కలు వరసల మీద జల్లుకుంటూ వెళ్లాడు. "పోన్లే. ఇలగైతే ఇంకా బాగా అంటుకుంటాది" అన్నాడు. సాయంత్రం సారు వచ్చి ఖాళీ వరసలు చూసి ఏమిటిది అంటే, "నేనే పీకించినాను బాబూ, ముక్కలు సేసి జల్లుదామని" అన్నాడు. కన్ను కూడా ఆర్పలేదు.

ఆ మాడిపోయే వరసల్ని ఆయన ముందు తుమ్మే వరసలు అనేవాడు. "ఇంటికో ముందు తుమ్మే మనిసి ఉంటాడు. ఊళ్లోకి జొరం వొత్తే మొదట ఆ మనిసికే వొత్తాది. ఆ మనిసి తుమ్మితే ఇంటిల్లిపాదీ జాగర్త పడాల. ఇదీ అలాటిదే" అని చెప్పాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. మా ఇంట్లో ముందు తుమ్మే మనిషి మా ఆయనే. వానాకాలం మొదలైతే ఊరందరికంటే ముందు ఆయనకి జ్వరం. మా అత్త అంటూ ఉండేది, వీడి ఒంట్లో సత్తువ లేదు, ఏ గాలికైనా ఒరిగిపోతాడు అని. చివరికి అలాగే పోయాడు.

సరే, మావ సంగతి చెబుతున్నాను.

ఆ మడిలోంచి బయటికి వస్తే బోరు దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని, లుంగీ విప్పి ఫారం కంచె మీద ఆరేసి, సంచిలోంచి వేరే పంచె తీసి కట్టుకునేవాడు. చావింటి నుంచి వచ్చిన మనిషి కడుక్కున్నట్టు కడుక్కునేవాడు. చేలగట్ల మీంచి అడ్డదారి ఉంది, ఇట్టే ఊళ్లోకి వచ్చెయ్యొచ్చు. ఒక్కరోజు కూడా ఆ దారిన రాలేదు. వానొచ్చినా ఎండొచ్చినా తారురోడ్డు చుట్టూ తిరిగి వచ్చేవాడు. ఊళ్లో వాళ్ల చేలకి తన కాళ్లతో తెగులు మోసుకెళ్తానేమోనని. ఈ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. వాళ్లు మాత్రం టీకొట్టు దగ్గర ఆటపట్టించేవారు.

"ఏం బావా, ఇయాల ఎంత తెగులు పండించినావు?"

"పుట్టెడు పండినాది. నీకో కుంచెడు పంపనా?"

అంబలిలోకి పచ్చిమిరపకాయ కొరుక్కుని, కళ్లల్లోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకునేవాడు కాదు. మొక్కల్ని పిల్లా అనేవాడు. బాగా ఉన్న మొక్కని బాగుందని మాత్రం అనేవాడు కాదు. "ఇంకా పట్టనేదు" అనేవాడు, అంతే. మడి మొత్తానికి ఒక్క మచ్చ కూడా లేని వరస ఉన్నా అదే మాట. ఈ ఏటికి నిలబడింది, వచ్చే ఏటి సంగతి వచ్చే ఏడు చూద్దాం అనేవాడు.

నాకు ఆ మడిలో వింతగా ఉండేది. ఒకటే మట్టి, ఒకటే వాన, రెండు పక్కలా ముందు తుమ్మే వరసలు. అయినా ఒక వరస అగ్గి పెట్టినట్టు మాడిపోతే, దాన్ని ఆనుకున్న వరస చెక్కుచెదరకుండా పచ్చగా ఉండేది. ఇంకో వరసకి ఆకు బాగుంటుంది, కంకి వేశాక మెడ దగ్గర నల్లబడి విరిగిపోతుంది. ఇంకోదానికి మెడ బాగుంటుంది, కంకి వేళ్లల్లో ఒకటి రెండు తాలుపోతాయి. ఒక్కో రకానికి ఒక్కో చోట బలం, ఒక్కో చోట లోపం. మనుషులకి మల్లేనే.

మార్కులు వేసే రోజున ఆయన తెల్లచొక్కా తొడుక్కుని వచ్చేవాడు. మార్కులంటే సున్నా నుంచి తొమ్మిది దాకా. మచ్చే లేకపోతే సున్నా, ఆకంతా పోతే తొమ్మిది. పుస్తకం సారుది, చూపు మాత్రం ఈయనది. ఈయన వరస ముందు గొంతుక్కూర్చుని ఆకులు తిప్పి అంకె చెబితే సారు రాసుకునేవాడు. నా చూపు బాగుందని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, గట్టు మీద మట్టి చదును చేసి పుల్లతో అంకెలు వేసి చూపించాడు. "ఈ పదీ వొచ్చీసినాయంటే లోకంలో లెక్కలన్నీ ఈటితోనే" అన్నాడు. ఇప్పుడు నేను రాజాం బస్టాండులో ఎవరినీ అడక్కుండా బస్సు నెంబరు చూసుకుని ఎక్కుతున్నానంటే అది ఆ మట్టిలో చదువే.

ఇక మా తెల్లచోడి సంగతి.

మా ఆయన పర్లాకిమిడి వైపు ఎవరో చుట్టాల ఇంటి నుంచి ఆ విత్తనం తెచ్చాడు. దాని పిండి బియ్యప్పిండిలాగ తెల్లగా ఉంటుంది, అంబలి తీపి కలిపినట్టు ఉంటుంది. కోతకి ముందు బుట్ట పట్టుకుని చేనంతా తిరిగి, మంచి కంకులు ఏరి, గుత్తి కట్టి పొయ్యి పైన వాసానికి వేలాడదీసేవాడు. పొగ తగిలితే పురుగు పట్టదని. ఆయన పోయేనాటికి వాసానికి ఒక గుత్తి వేలాడుతోంది. ఆయన చేత్తో ఏరిందీ, ఆయన ముడి వేసిందీ.

అందులో సగం ఆ ఏడు చేనంతా వేశాను. కంకి వేశాక మెడలన్నీ విరిగి తాలు మిగిలింది. తర్వాతి ఏడు ఎర్రచోడి వెయ్యమని పైడమ్మ పోరుతోంది. నేను వినలేదు. విత్తనం తప్పు కాదు, మగదిక్కు లేని చేనుకి దిష్టి తగిలిందన్నాను. ఇంకో ఏడు ఇలాగే పోతే ఇంట్లో అంబలికి గింజ ఉండదు, నాకు తెలుసు. కానీ ఎర్రచోడి వేస్తే, ఆ మనిషి చేతిది ఇంట్లో ఇక ఏమీ ఉండదు. ఈ రెండింటి మధ్యా నిద్రపట్టేది కాదు.

చివరికి గుప్పెడు గింజలు కొంగున ముడేసుకుని ఫారానికి వెళ్లాను. "మావా, దీన్ని నీ మడిలో ఒక వరస ఏసి సూడు. దీని తప్పేటీ నేదని నీ నోటితో సెప్పు" అన్నాను.

ఆయన గింజలు అరచేతిలో పోసుకుని చూశాడు. ఒకటి నోట్లో వేసుకుని నమిలాడు. "సారు లిస్టులో నేదు. ఆఖరి వరస నాకు ఇచ్చీసినారు, అందులో ఏత్తాను. కానీ ఒక మాట కోడలా. ఇక్కడ ఏసినాక ఏదొత్తే అదే. బతిమాలితే అంకె మారదు" అన్నాడు.

మొలక వచ్చింది, నాటాం. ఆ వరసకి నేను వేరేగా గొప్పు తవ్వాను, వేరేగా చూసుకున్నాను. నెల తిరిగేసరికి మచ్చలు. ఒకటి కాదు రెండు కాదు. మర్నాడు మార్కులు వేస్తారనగా, అందరికంటే ముందు వెళ్లి, ఆ వరసలో మచ్చ పడిన ఆకుల్ని ఒక్కొక్కటే తుంపి ఒడిలో వేసుకుని, ఇంటికి తెచ్చి పొయ్యిలో పెట్టాను. మొదటిసారి తెలియక పీకాను. ఈసారి తెలిసే తుంపాను.

మర్నాడు తెల్లచొక్కా వచ్చింది. ఆఖరి వరస దగ్గర ఆయన గొంతుక్కూర్చుని వేలితో ఒక్కో కణుపూ తడిమాడు.  ఏ అంకే చెప్పకుండా లేచిపోయాడు. సారు వెళ్లాక బోరు దగ్గర కాళ్లు కడుక్కుంటూ, నా వైపు చూడకుండానే అన్నాడు:

"నీ మొగుడికి జొరం వొచ్చినప్పుడు ఏటి సేసినావే? దుప్పటి కప్పీసి, బాగానే ఉన్నాడని ఊరోళ్లకి సెప్పినావా?"

ఆయన ఊరికే అన్నాడు. కానీ నేను చేసింది అదే. ఎవరైనా వస్తే బాగానే ఉన్నాడు, పడుకున్నాడు అని గుమ్మంలోంచే పంపేసేదాన్ని. సత్తువ లేని మనిషి అని మళ్లీ అంటారని. శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైంది. ఆ బోరు దగ్గరే కూలబడి ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో పైడమ్మ చెప్పింది ఆయనకి. ఆయన చేతిలో చెంబు చేతిలోనే ఉండిపోయింది. "నాకు తెల్దే కోడలా. నాకు తెల్దు" అని రెండుసార్లు అన్నాడు. ఆ సాయంత్రం లుంగీ మార్చుకోవడం మర్చిపోయి రోడ్డెక్కాడు. సగం దూరం పోయి, గుర్తొచ్చి, వెనక్కి వచ్చాడు.

తర్వాత కొన్నాళ్లకి కంకులు వేశాయి. ఆ మడిలో ఆయనకి ఇష్టమైన వరస ఒకటుండేది. కణుపుల దగ్గర ఊదారంగు, ముద్దకంకి. ఎన్ని ఏళ్లుగానో దానికి మచ్చ ఎరగరు. రైతులకి ఇవ్వడానికి దాన్నే అనుకుంటున్నామని సారు అనేవాడు. ఆ పొద్దున ఆయన దాని ముందు కూర్చుని మెడ దగ్గర బొటనవేలితో రుద్దుతున్నాడు. తడి చేసుకుని రుద్దాడు. మళ్లీ తడి చేసుకుని రుద్దాడు. మూడోసారి నేను చూడలేక ముఖం తిప్పుకున్నాను. నలుపు పోలేదు.

అక్కడ ఆయనా నేనే ఉన్నాం. ఆ నాలుగు కంకులు తుంపి జేబులో వేసుకుంటే అడిగేవాడు లేడు. ఆయన లేచి సారుని కేకేశాడు. "బాబూ, పిల్లకి పట్టీసినాది. రాసుకోండి." గొంతు మామూలుగానే ఉంది. చెయ్యి మాత్రం ఆ మొక్కని పట్టుకునే ఉంది.

నేను నడిచి ఆఖరి వరస దగ్గరికి వెళ్లాను. మా ఆయన వరస. కొత్త ఆకులకీ మచ్చలే, మెడలకీ మచ్చలే. కంకులు తలకాయలు వేలాడేసుకుని ఉన్నాయి. సారు పుస్తకం పట్టుకుని వచ్చాడు, ఆయన వెనకాల వచ్చాడు. ఎవరూ నన్ను అడగలేదు. నేనే అన్నాను. "తొమ్మిది."

సారు ఆయన వైపు చూశాడు. ఆయన తలూపాడు. "కోడలు సూసిందంటే సూసినట్టే. తొమ్మిదే."

సారు వెళ్లాక ఆయన నా పక్కన గట్టు మీద కూర్చున్నాడు. "ఎర్రదాన్లో వగరుంటాది. ఆ వగరే దానికి కాపలా. తెల్లదాన్లో అది తక్కువ. అందుకే నీ నోటికి రుసి, బూజుకీ రుసి. నీ మొగుడు రుసి సూసి తెచ్చినాడు. ఆ సూపులో తప్పేటీ నేదు" అన్నాడు. "ఇత్తనం పారీకు. చేనంతా ఎర్రది ఎయ్యి. గట్టువార ఒక్క వరస దీన్ని ఎయ్యి. ముందు అది తుమ్ముతాది, నువ్వు జాగర్త పడతావు. అందులోనే నిలబడ్డ కంకులు నాలుగు ఏరి మళ్లీ కట్టుకో" అన్నాడు.

అప్పటి నుంచి అలాగే చేస్తున్నాను. చేను నిండా ఎర్రచోడి, గట్టువార మా ఆయన. అంబలికి లోటు రాలేదు. వాసానికి గుత్తీ తప్పలేదు.

ఆయన పనిలోంచి దిగిపోయాక కూడా, గట్టువరసకి మచ్చ పడితే వెళ్లి చెప్పేదాన్ని. ఎంత అనేవాడు. అంకె చెప్పేదాన్ని. రెండేళ్ల కిందట మంచం పట్టాడు. పోయిన మాఘంలో చూడ్డానికి వెళ్తే నులకమంచంలో ఆనవాలు తెలియనంతగా చిక్కిపోయి ఉన్నాడు. వాళ్ల పెద్దకూతురు నాకు పీట వేసి లోపలికెళ్లింది. ఆయన చెయ్యి దుప్పట్లోంచి తీసి నా ముందు పెట్టాడు, ఆకు చూపించినట్టు.

"నాకెంత ఏత్తావే కోడలా?"

నేను నవ్వేశాను. "మూడు మావా. మహా అయితే నాలుగు."

ఆయన కళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. "మళ్లీ ఆకులు తుంపీసి సెప్తన్నావేటే?"

 ఇంకోసారి దుప్పటి కప్పడానికి నాకు మనసొప్పలేదు. ఆ చెయ్యి పట్టుకున్నాను.

"తొమ్మిది మావా."

"అదీ" అన్నాడు. బరువేదో దించుకున్నట్టు తల దిండు మీద వాల్చాడు. "పెద్దదాన్ని పిలు. అదేమో అందరికీ తగ్గిపోయిందని సెప్తన్నాది. నా తమ్ముళ్లకి కబురెట్టమను, మాటాడాల." కూతురు ఏడుస్తూనే కబుర్లు పెట్టింది. అందరూ వచ్చారు. నేను తెల్లచోడి అంబలి పట్టుకెళ్లాను ఆవేళ. రెండు గుక్కలు తాగి, "తెగులుకి తప్పు నేదే, ఇంత బాగుంటే ఎవడు వొదుల్తాడు" అన్నాడు. నేను విన్న చివరి మాట అదే.

నిన్న మచ్చ చూశాక గట్టు మీద కాసేపు కూర్చున్నాను. పైడమ్మ అటు వస్తూ, "పట్టినాదేటి? పీకీమంటావా?" అని ఎగతాళి చేసింది. ఇన్నేళ్లయినా వదలదు. మట్టి చదును చేసి, పుల్లతో ఒకటి వేశాను. ఒక్కటే. ఇంకా మొదలు కదా. తర్వాత ఎర్రచోడి వరసల్లోకి దిగి, ఆకు ఆకు తిప్పి చూసుకుంటూ ఆ చివరి దాకా వెళ్లాను. ఇంకా పట్టలేదు.

చేను పక్క బోరు దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని, పైట చెంగు పిండుకున్నాను. పైడమ్మ చేలగట్ల మీంచి అడ్డదారిన పోతూ రమ్మని కేకేసింది. నువ్వు పో అన్నాను. నేను తారురోడ్డు చుట్టూ తిరిగి ఇంటికి వచ్చాను.